ముందు చక్రానికి రెండు సంచులు

ప్రభుత్వ ఆస్తి ఎల్లవేళలా ఉద్యోగి కళ్లెదుటే ఉండాలన్న ఉత్తర్వు మా ఆఫీసుకు రావడానికి కారణం ఒక పురికొస. ఆ పురికొసతో అప్పలసూరి తన సైకిలు వెనక క్యారేజీ మీద ఒక అట్టపెట్టె కట్టుకున్నాడు. పెట్టె నిండా కళ్లజోళ్లు. దారిలో కొస తెగి, పెట్టె ఒక ఊరి మొగలో, మొదటి ఇళ్ల దగ్గర, పడిపోయింది. అప్పలసూరి పాట పాడుకుంటూ ముందుకు వెళ్లిపోయాడు.

మాది గ్రామీణ నేత్ర సౌకర్య మండలి. ఊళ్లలో కంటి పరీక్షలు చేయించి, అవసరమైన వాళ్లకు కళ్లజోళ్లు ఇంటికి పట్టుకెళ్లి ఇవ్వడం మా పని. అప్పలసూరీ నేనూ క్షేత్ర సహాయకులం. టూర్లు మావి, సైకిళ్లు మండలివి. అప్పలసూరి దారి పొడుగునా మాట్లాడతాడు. నేను ఎక్కువ మాట్లాడను. ఇద్దరం కలిసి సరిపోతాం అని ఆఫీసులో అనేవారు.

అప్పలసూరి వెనక్కి వచ్చేసరికి ఆ ఊళ్లో ప్రతి ముక్కు మీదా ఒక కళ్లజోడు ఉంది. ఎవరికి తగినది వాళ్లకు దొరకలేదు గాని, విప్పడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఒకాయన లేని మెట్టు ఎక్కబోయి తూలుతున్నాడు. ఒకావిడ పక్కింటి గేదెకు కుడితి పెట్టి, తన గేదె ఉన్నట్టుండి ఇంత లావైందేమిటని మురిసిపోతోంది. అరుగు మీద పేకాడేవాళ్లు ఎన్నడూ లేనంత స్నేహంగా ఉన్నారు, ఎవరి చేతిలో ఏ ముక్క ఉందో వాళ్లకే తెలియడం లేదు.

"ఇచ్చీండర్రా బావూ, గవర్మెంటు సొమ్మది" అని అప్పలసూరి బతిమాలాడట.

"గవర్మెంటంటే మేం కాదేటి? అయినా నువ్వెవులివి? సరిగ్గా కానరావు" అన్నాడట ఒక పెద్దాయన, జోడు పైకి తోసుకుంటూ.

ఈ సంగతి మండలి దాకా వెళ్లింది. పది రోజులు తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. మా జాయింటు డైరెక్టరు త్రివిక్రమరావు గారు అందరినీ హాల్లో నిలబెట్టి స్వయంగా చదివారు.

"ప్రభుత్వ ఆస్తి ఉద్యోగి వీపు వెనుక ప్రయాణించుటయే ఈ దుర్ఘటనకు మూలకారణమని మండలి నిర్ధారించినది. వీపునకు చూపు లేదన్న విషయము మండలి దృష్టికి వచ్చినది. కావున ఇకమీదట మండలికి చెందిన ఏ వస్తువైనను, ఏ సమయమునందైనను, సంబంధిత ఉద్యోగి కన్నుల యెదుటనే ఉండవలెను."

చదవడం అయ్యాక ఆయన కాగితం దించి, కొంచెంసేపు మా వీపుల వైపు చూడాలన్నట్టు మెడ చాచారు.

త్రివిక్రమరావు గారు మంచివారు. ఉత్సాహవంతులు. ఏ పనైనా మొదలుపెడితే దాని అంతు చూసేదాకా వదలరు. ఆ సాయంత్రానికే ఎక్కడి నుంచో ఒక రంగుల పుస్తకం తెప్పించారు. అందులో సైకిళ్ల మీద దేశాలు తిరిగే విదేశీయుల ఫొటోలున్నాయి. వాళ్ల సైకిళ్లకు ముందు చక్రానికి అటూ ఇటూ ఇనప చట్రాలు, వాటికి వేలాడే అందమైన సంచులు.

"చూశారా! ప్రపంచాన్ని చుట్టివచ్చే వాళ్లు సామాను ఎక్కడ పెట్టుకున్నారో!" అన్నారు ఆయన.

మా సూపరింటెండెంటు కూర్మారావు గారు ఫొటోలోకి వంగి చూశారు. ఆయనకు రిటైర్మెంటు దగ్గరపడింది. ఆడిట్ అభ్యంతరం లేకుండా ఇంటికి వెళ్లడం ఒక్కటే ఆయన కోరిక. "వెనక చక్రానికి కూడా సంచులున్నాయండి" అన్నారు మెల్లగా.

త్రివిక్రమరావు గారు ఫొటోలోని వెనక చక్రం మీద బొటనవేలు పెట్టారు. "ఇప్పుడు?"

"ఇప్పుడు లేవండి."

అలా మా సైకిళ్లకు వెనక క్యారేజీలు పీకేసి, ముందు చట్రాలు బిగించాలని తీర్మానమైంది.

ఆ రోజు నా పెట్టెలో నేరేడువలస సన్యాసమ్మ పిన్ని కళ్లజోడు ఉంది. మర్నాడే నేను వెళ్లి ఇవ్వాలి. ఆవిడ మిషను కుడుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల జాకెట్లన్నీ ఆవిడవే. ఆ మిషను తప్ప ఆవిడకు వేరే ఆధారం లేదు. రెండేళ్లుగా చూపు మసకేసి, సూదిలో దారం ఎక్కించడానికి రోడ్డు మీద పోయేవాళ్లను పిలుస్తోంది. ఉత్తర్వు సంగతి చెప్పాలని ఫోను చేశాను.

"కొద్దిగా ఆలీసమవుద్ది పిన్నీ. సైకిలుకి ముందర సంచులు కడుతున్నారు."

"కట్టుకోనీయమ్మా, బాగుంటాది. గానీ బేగి రా తల్లీ. గౌరీసు కూతురి పెళ్లి జాకెట్లన్నీ నాకాడే ఉన్నాయి. నిన్న పెళ్లికూతురి మేనత్త జాకెట్టుకి రెండు సేతులూ ఒక్కేపే కుట్టీసినాను. ఆవిడేసుకుని సూసి, 'ఇదేటే సన్నేసీ, నానేటి కొంగనా, ఒక్క రెక్కతో ఎగరమన్నావా' అని పోట్లాట. పై వారం సుక్కోరం లోపు సరిసేసి ఇయ్యకపోతే గుడ్డలన్నీ పట్నం షాపుకి పట్టుకుపోతారంట. ఒకసారి పోతే మరి తిరిగొస్తారేటి?"

"రారు పిన్నీ" అన్నాను. నాకు తెలిసిన సంగతే.

చట్రాలు బిగించే పని సైకిలు షాపు బాబ్జీకి ఇచ్చారు. బాబ్జీ దేనికీ కాదనడు. ఏం చెప్పినా "అయిపోద్ది సార్" అంటాడు. మా సైకిళ్ల ముందు ఫోర్కుకు చట్రం బిగించడానికి బెజ్జాలు లేవు. "అయిపోద్ది సార్" అని పొలాల్లో నీళ్ల పైపులకు వేసే క్లాంపులు తెచ్చి ఫోర్కుకు బిగించాడు. చట్రం బ్రేకు రాడ్డుకు అడ్డం వచ్చింది. "అయిపోద్ది సార్" అని బ్రేకు రాడ్డు తీసేశాడు.

"బ్రేకు లేకపోతే ఆగేదెలా బాబ్జీ?" అన్నాను.

"అమ్మా, నీకు తెల్దు. ముందర ఇంత బరువుంటే ఆ బండి ఎల్తేగా, ఆగడానికి!"

అతను చెప్పింది నిజమే. కాన్వాసు సంచులు తగిలించి, కళ్లజోళ్లు సర్దాక హ్యాండిలు తిప్పాలంటే మొండి దూడ మెడ తిప్పినట్టు ఉండేది. స్టాండు వేసి నిలబెడితే ముందు చక్రం తనంతట తానే పక్కకు తిరిగి, సైకిలంతా ఒరిగి పడేది. ఒరిగి పడిన సైకిళ్లను ఎత్తుతూ అప్పలసూరీ నేనూ ఒక పూట గడిపాం. చివరికి రెండింటినీ ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాం. కొత్తగా పెళ్లయిన వాళ్లలా నిలబడ్డాయి.

మర్నాడు బయల్దేరాను. గేటు దగ్గర త్రివిక్రమరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"నీకు ఏం కనిపిస్తోందమ్మా?"

"సంచి అండి."

"ప్రభుత్వ ఆస్తి కనిపిస్తోందా?"

"సంచిలో ఉందండి."

"అది నీ నమ్మకం. నేను అడిగింది దృష్టి గురించి." ఆయన కూర్మారావు గారి వైపు తిరిగారు. "కాన్వాసు అనేది ఆస్తికీ ఉద్యోగికీ మధ్య గోడ. ఆ గోడను కూల్చాలి."

బల్లల మీద పరిచే మందపాటి ప్లాస్టిక్కుతో, లోపలున్నదంతా కనిపించేలా కొత్త సంచులు కుట్టించారు. తీరా చూస్తే కళ్లజోళ్లు డబ్బాల్లో ఉన్నాయి. డబ్బాలూ గోడలే అని తేలింది. డబ్బాలు తీసేశారు. ఇక రెండు సంచుల నిండా కళ్లజోళ్లే, అన్నీ నా వైపే చూస్తున్నట్టుండేవి. ఒక్కోదానికి పేరు రాసిన చీటీ దారంతో కట్టి ఉంది. ఎడమ సంచిలో అన్నిటికన్నా పైన సన్యాసమ్మ పిన్నిది పెట్టుకున్నాను.

ఈసారి గేటు దాటనిచ్చారు. కళ్లు సంచుల మీదే ఉంచాలని గట్టిగా చెప్పి పంపించారు.

సంచులు చక్రానికి చెరోవైపు, కింద వేలాడుతున్నాయి. ఎడమ సంచి చూడాలి, తర్వాత కుడి సంచి చూడాలి, మళ్లీ ఎడమది. రోడ్డు ఆ రెంటికీ మధ్యన ఎక్కడో ఉంటుంది. ఒక లారీ హారన్ కొట్టడం విన్నాను. ఒక మేకల మంద నా చుట్టూ విడిపోయి మళ్లీ కలుసుకోవడం కాళ్లకు తగిలిన బొచ్చును బట్టి తెలిసింది. ఆ తర్వాత లోకమంతా ఒక్కసారి పసుపు పచ్చగా, మెత్తగా, గుచ్చుకునేట్టుగా మారిపోయింది. గడ్డికుప్పలోకి హ్యాండిలు దాకా దూరిపోయాను.

గడ్డికుప్ప తాలూకు రైతు నా కాళ్లు పట్టుకుని బయటికి లాగాడు. "ఏటమ్మా, కళ్లజోళ్లిచ్చే ఆపీసోళ్లు కారేటి మీరు? ఒకటి నువ్వే పెట్టుకోరాదా?"

నేరేడువలస ఇంకా చాలా దూరం ఉంది. ముందు చట్రం వంగి చక్రానికి రాసుకుంటోంది. సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వచ్చేశాను.

జరిగింది చెప్పాను. త్రివిక్రమరావు గారు ఒక్కటే అడిగారు.

"పడుతున్నప్పుడు ఎటు చూస్తున్నావు?"

"సంచుల వైపేనండి."

ఆయన కళ్లు చెమర్చాయి. అందరి ముందూ నన్ను నిలబెట్టి, "పడిపోతూ కూడా ఆస్తి మీద నుంచి చూపు మరల్చని ఉద్యోగిని మీరు చూస్తున్నారు" అన్నారు. చప్పట్లు కొట్టారు. నా జడలో నుంచి ఇంకా గడ్డి రాలుతోంది.

చప్పట్లు ఆగాక కూర్మారావు గారు గొంతు సవరించుకున్నారు. "రోడ్డు ఎవరు చూడాలన్న ప్రశ్న ఆడిట్ వాళ్లు వేస్తారేమో సార్."

"రోడ్డు మనది కాదు. రోడ్ల శాఖది."

"సైకిలు మనదేనండి. అది గడ్డికుప్పలోకి వెళ్లింది."

త్రివిక్రమరావు గారు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తే మాకు భయంగానూ ఉండేది, సరదాగానూ ఉండేది. మార్గ పరిశీలకుడనే పోస్టు పుట్టింది. అప్పలసూరిని వేశారు. నేను సంచులు చూస్తుంటే అతను రోడ్డు చూసి "ఎడం... ఎడం... గుంట... గేదె" అని చెప్పాలి. నా సైకిలు మీద కూర్చోవడానికి వెనక క్యారేజీ లేదు కాబట్టి తన సైకిలు మీద నా ముందు వెళ్లాలి.

"ఇంకో చిన్న సందేహం సార్" అన్నారు కూర్మారావు గారు. "అప్పలసూరి తొక్కే సైకిలు కూడా ప్రభుత్వ ఆస్తే. దాని వెనక చక్రం అతని వీపు వెనక ఉంటుంది."

ఇన్నేళ్లుగా మేమందరం వెనక చక్రాలను గాలికి వదిలేసి తిరుగుతున్నామని అప్పుడే అందరికీ తట్టింది. టైపిస్టు గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"అప్పలసూరి వెనక చక్రం నాకు కనిపిస్తుందండి" అన్నాను.

"నీ వెనక చక్రం?"

"ఆవిడ వెనక ఇంకొకరు రావాలండి" అన్నాడు అప్పలసూరి హుషారుగా. అతనికి ఆట మొదలైంది.

"వాళ్ల వెనక చక్రం?"

"వాళ్ల వెనక ఇంకొకరండి!"

అలా టైపిస్టు గారూ, రికార్డు రూము ఆయనా, వాచ్‌మనూ, కూర్మారావు గారూ కూడా టూరు జట్టులోకి వచ్చారు. సైకిలు రాని వాళ్లకు బాబ్జీ నేర్పాడు. "సార్‌కి వచ్చేసింది సార్, ఇక పడ్డమొకటే తగ్గాలి" అంటూ కూర్మారావు గారి సీటు పట్టుకుని కాంపౌండంతా పరిగెత్తాడు. అన్ని సైకిళ్లకూ ముందు చట్రాలు, ముందు సంచులు బిగించాడు. సంచుల్లో పెట్టడానికి కళ్లజోళ్లు చాలకపోతే ఆఫీసు స్టాప్లర్లూ రబ్బరు స్టాంపులూ పెట్టారు. ఖాళీ సంచి చూడాల్సి వస్తే చూపు పక్కకు పోతుందని త్రివిక్రమరావు గారి అనుమానం.

కానీ ఎంతమందిని చేర్చినా ఆఖరి సైకిలు వెనక చక్రం మిగిలిపోతూనే ఉంది. దాన్ని చూసేవాళ్లు లేరు. కూర్మారావు గారు నిద్ర మానేశారు. అన్నం దగ్గర కూడా వెనక్కి తిరిగి చూసుకుంటున్నారని వాళ్లావిడ ఫోను చేసి చెప్పారు.

పరిష్కారం త్రివిక్రమరావు గారికే తట్టింది. ఆయన గదిలో ఫ్యాను కింద కూర్చుని పైకి చూస్తున్నారట. ఒక్క ఉదుటున బయటికి వచ్చి, వరండాలో నిలబడి అరిచారు.

"ఆఖరి సైకిలు వెనక చక్రాన్ని మొదటి సైకిలు వాడు చూస్తాడు!"

"మొదటివాడు ముందుంటాడు కదండీ?"

"వాణ్ని ఆఖరివాడి వెనక పెట్టండి!"

ఆ విధంగా మేము గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాం.

ఆఫీసు కాంపౌండులో ముగ్గు పోశారు. ఆ ముగ్గు గీత మీద ఒకరి వెనక ఒకరం. ఎవరి సంచులు వాళ్లకు కనిపిస్తున్నాయి, ప్రతి వెనక చక్రమూ ఎవరో ఒకరికి కనిపిస్తోంది. ఒక్క వస్తువు కూడా చూపు తప్పి లేదు. త్రివిక్రమరావు గారు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన మొహంలో అంత ప్రశాంతత నేనెప్పుడూ చూడలేదు.

"దీన్ని వృత్తం అనకండి. వ్యవస్థ అనండి" అన్నారు.

"టూరు వెళ్లాలి కదండీ" అన్నాను. నేరేడువలసకు శుక్రవారం లోపు చేరాలన్న బెంగ నాది.

"వెళ్తున్నారు కదమ్మా. దూరం కొలిచే మీటరు అప్పలసూరి ముందు చట్రానికి బిగించమని బాబ్జీకి చెప్పాను. నేరేడువలస ఎంత దూరమో అంత దూరం తిరగండి. తిరిగాక గమ్యం చేరినట్లు భావించబడుతుంది."

భావించడం మొదలయ్యాక ఆఫీసులో అందరికీ ఉత్సాహం వచ్చింది. నీళ్ల ట్యాంకు దగ్గరి మలుపును వాగుగా భావించారు. అక్కడికి రాగానే అందరం పెడల్ మీద నుంచి కాళ్లు పైకెత్తేవాళ్లం, తడుస్తాయని. టైపిస్టు గారు చీర కుచ్చిళ్లు కూడా ఎత్తిపట్టుకునేవారు. వాచ్‌మన్ గదిని కూడలిగా భావించి, అక్కడ టీ ఇచ్చేవారు. టీ మాత్రం నిజంగానే ఇచ్చేవారు. గన్నేరు మొక్కను నేరేడువలసగా నిర్ణయించారు. అప్పలసూరి పేరుకు మార్గ పరిశీలకుడు కాబట్టి "లారీ... మేకలు... పెళ్లివారు, పక్కకి రండి" అని దారంతా కేకలు పెట్టేవాడు. ఒక్కోసారి లేని మేకల కోసం మేమందరం నిజంగానే పక్కకు తప్పుకునేవాళ్లం. ఒకరోజు కూర్మారావు గారు పెళ్లివారి బాజా తనకు వినబడిందని కూడా చెప్పారు.

సంతోషంగానే ఉండేది. నాకైతే నవ్వాపుకోవడం కష్టమయ్యేది. చిక్కంతా మొదటి టూరు పూర్తయిన రోజు వచ్చింది.

మీటరు చూసి "నేరేడువలస!" అని అప్పలసూరి కేకేశాడు. అందరం గన్నేరు మొక్క దగ్గర ఆగాం. నియమం ప్రకారం కూర్మారావు గారు లబ్ధిదారుల పేర్లు పిలిచారు.

"సన్యాసమ్మ! సన్యాసమ్మ! సన్యాసమ్మ!"

గన్నేరు మొక్క పలకలేదు.

"లబ్ధిదారు గ్రామమున లేరు" అని ఆయన రాసుకున్నారు. "మలి టూరులో కూడా లేకపోతే కళ్లజోడు రద్దు. కేంద్ర భాండాగారానికి తిప్పి పంపాలి."

"మలి టూరు ఎప్పుడండి?"

"గురువారం."

నేను మెల్లగా గోడ వెనక్కి వెళ్లి ఫోను తీశాను.

"పిన్నీ, నువ్వు నేరేడువలసలో లేవని రాసేశారు."

"ఇదేటి సోద్యం! నానిక్కడే మిసను కాడ కూకుని ఉన్నాను. ఎక్కడున్నానంటారు మరి?"

"అది కాదు పిన్నీ. నేరేడువలస ఇప్పుడు మా ఆఫీసు కాంపౌండులో ఉంది. గన్నేరు మొక్క దగ్గర."

ఆవిడ పక్కనెవరితోనో అంటోంది, "ఒలే, మనూరు పట్నం ఎలిపోయిందంటే! ఎప్పుడెలిపోయింది, నీకేటైనా తెలుసా?" మళ్లీ నాతో, "ఇక్కడెవులికీ తెలీదంటన్నారమ్మా. సరే, అక్కడికే వస్తాను. బస్సుందా మన ఊరికి?"

గురువారం పొద్దున్నే వచ్చింది. చంకలో సంచి, అందులో పెళ్లి జాకెట్లు. దారిలో ఎవరైనా సూదిలో దారం ఎక్కిస్తే కుట్టుకుందామని తెచ్చుకుందట. గేటు స్తంభానికి దండం పెట్టి "ఆపీసరు బావూ, నేరేడువలస ఏపు?" అని అడిగింది. స్తంభం చెప్పలేదు. నేను కళ్లతో చూపించాను గాని ఆవిడకు నా కళ్లు కనిపించవు. మా సైకిళ్ల చప్పుడు పట్టుకుని, ముగ్గు గీత దాటి, గన్నేరు మొక్క చేత్తో తడుముకుని నిలబడింది.

మేం వాగు దాటాం. కూడలి దాటాం. "నేరేడువలస!" అన్నాడు అప్పలసూరి.

"సన్యాసమ్మ!"

"ఉన్నాను బావూ!"

కూర్మారావు గారు ఉలిక్కిపడి సైకిలు మీద నుంచి దిగబోయి, దిగకుండానే పడ్డారు. భావించిన ఊళ్లో మనిషి పలుకుతుందని ఆయన అనుకోలేదు. త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి లేచారు.

"వీరే లబ్ధిదారా?"

"నానే బావూ. నా కళ్లజోడు ఇచ్చీయండి. రేపు సుక్కోరం. జాకెట్లు పన్నెండు గంటల లోపు ఇయ్యకపోతే గుడ్డలు పట్టుకుపోతారు. తర్వాత నాకు సేతికి పనుండదు."

"తప్పకుండా. అందుకే కదా మండలి ఉన్నది." ఆయన చెయ్యి చాచబోయి ఆగిపోయారు. "కానీ... ఇచ్చిన తర్వాత?"

"ఇచ్చినాక పెట్టుకుంటాను."

"పెట్టుకుని?"

"ఇంటికెలిపోతాను."

"అప్పుడది మా దృష్టిలో ఉండదే!"

ఈ కోణం ఎవరికీ తట్టలేదు. వ్యవస్థ అంతా సరిగ్గా ఉంది గాని, కళ్లజోడు ఇచ్చేస్తే ఆస్తి కళ్ల ముందు నుంచి వెళ్లిపోతుంది. "దీని మీద మండలి మార్గదర్శకాలు రావాలి. రాస్తాను. నెలలోపు వస్తాయి. అంతవరకూ మీరు గ్రామంలోనే ఉండండి" అని గన్నేరు మొక్క చూపించారు. "టూరు ఆగకూడదు. కదలండి!"

మేం కదిలాం. సన్యాసమ్మ పిన్ని గన్నేరు కొమ్మ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. జాకెట్ల సంచిని రొమ్ముకు అదుముకుంది. ఒక చుట్టు తిరిగాం. రెండో చుట్టులో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి నా సైకిలు మెల్లగా అయింది. ముందు బరువుకు ఆ మలుపులో ఎప్పుడూ మెల్లగానే అవుతుంది.

"పిన్నీ, ఎడమ సంచి. అన్నిటికన్నా పైన" అన్నాను. నేను అంత గట్టిగా మాట్లాడడం ఆఫీసులో ఎవరూ వినలేదు. ఆరోజూ వినలేదు, అప్పలసూరి "గేదెలు! గేదెలు!" అని గొంతు చించుకుంటున్నాడు.

మూడో చుట్టులో ఆవిడ చెయ్యి వచ్చింది. సంచిలోకి దిగింది. దారం చీటీతో సహా కళ్లజోడు తీసింది.

నేను చూస్తూనే ఉన్నాను. రెప్ప వెయ్యలేదు. ఉత్తర్వు అదే కదా. మిగతావాళ్లు కూడా ఎవరి పని వాళ్లు చేస్తున్నారు. టైపిస్టు గారు నా వెనక చక్రం చూస్తున్నారు, వాచ్‌మన్ ఆవిడ వెనక చక్రం చూస్తున్నాడు, కూర్మారావు గారు రబ్బరు స్టాంపులు చూస్తున్నారు. కాంపౌండంతా కళ్లే. ఒక్క జత కూడా ఖాళీగా లేదు.

సన్యాసమ్మ పిన్ని కళ్లజోడు పెట్టుకుంది. నేను మళ్లీ చుట్టి వచ్చేసరికి ఆవిడ మొహం మారిపోయి ఉంది. గన్నేరు పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది. తర్వాత నన్ను చూసింది.

"ఓలమ్మా! నువ్వింత సిన్నగుంటావా! గొంతు ఇని ముసిల్దానివనుకున్నాను!"

నేను దాటిపోయాను. మళ్లీ వచ్చాను.

"ఆ కుడి భుజం కుట్టు అంత వంకరేటి? ఎవులు కుట్టినారే నీ జాకెట్టు?"

"నువ్వే పిన్నీ" అన్నాను, దాటిపోతూ.

ఆవిడ నవ్వు నా వెనక ఒక అరచుట్టు దాకా వినిపించింది. మళ్లీ వచ్చేసరికి గేటు దగ్గరుంది. ఈసారి స్తంభానికి దండం పెట్టలేదు. మేం వాగు దగ్గర కాళ్లెత్తుతుంటే చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రోడ్డు దాటింది, బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని, సూదిని వెలుతురుకు ఎత్తి, తనే దారం ఎక్కించుకుంటోంది. బస్సు మలుపు తిరిగేదాకా నేను చూపు మరల్చలేదు. అందువల్ల ముగ్గు గీత తప్పి నీళ్ల ట్యాంకును గుద్దాను. నా వెనక వచ్చే వ్యవస్థ మొత్తం ఒకరి మీద ఒకరుగా వచ్చి నా మీద పడింది.

విచారణ ఆ సాయంత్రమే జరిగింది. కళ్లజోడు ఒకటి తక్కువైందని కూర్మారావు గారు కనిపెట్టారు. మోచేతికి కట్టుతో త్రివిక్రమరావు గారి పక్కన కూర్చుని నన్ను ప్రశ్నించారు.

"కళ్లజోడు సంచిలోంచి ఎలా పోయింది?"

"లబ్ధిదారు తీసుకున్నారండి."

"నువ్వు చూశావా?"

"చూశానండి. తీస్తుంటే చూశాను, పెట్టుకుంటే చూశాను, బస్సెక్కితే చూశాను. చూడడం ఎక్కడా ఆపలేదండి."

కూర్మారావు గారు "ఇది..." అని మొదలుపెట్టబోయారు. త్రివిక్రమరావు గారు చెయ్యెత్తి ఆపారు. లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చారు. ఆ మొహం చూసి నాకు ఉద్యోగం పోయిందనే అనిపించింది.

"కూర్మారావు గారూ, ఉత్తర్వులో ఆస్తి ఎవరి దగ్గర ఉండాలని ఉంది?"

"అలాంటిదేమీ లేదండి. కళ్లెదుట ఉండాలనే ఉంది."

"ఉన్నది కదా! రాసుకోండి. 'ఆస్తి సంచిలో ఉన్నప్పటి నుంచి బస్సులో ఉన్నంతవరకు ఒక్క క్షణమైనను ఉద్యోగిని దృష్టి నుండి తొలగలేదు. మండలి చరిత్రలో ఇది ప్రథమము.' అప్పలసూరి పెట్టె పోయినప్పుడు ఎవరైనా చూశారా? లేదు. ఇది ఎంత తేడా!"

"మరి బస్సు మలుపు తిరిగాక..."

"మలుపు రోడ్ల శాఖది" అన్నారు త్రివిక్రమరావు గారు.

నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని కూడా కళ్ల ముందే ఉంచుకోవాలని చెప్పి, నా సైకిలు హ్యాండిలుకు కట్టించారు. ఇప్పుడు దానివల్ల సంచులు సరిగ్గా కనిపించడం లేదు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

శుక్రవారం సాయంత్రం సన్యాసమ్మ పిన్ని ఫోను చేసింది. వెనక పెళ్లివారి బాజా నిజంగానే వినిపిస్తోంది.

"జాకెట్లన్నీ ఇచ్చీనానమ్మా! మేనత్త జాకెట్టుకి సేతులు రెండేపులా పెట్టీనాను. ఏసుకుని నిలబడి అద్దం ఒదలట్లేదు. రేపట్నించి మల్లా గుడ్డలన్నీ నా కాడికే."

"మంచిదైంది పిన్నీ."

"గానీ ఇక్కడ ఈళ్లందరూ నా పేనాలు తీసేస్తన్నారే. మా ఈదిలో కళ్లజోళ్లు రావాల్సినోళ్లు శానామందున్నారు. మనూరు అక్కడున్నాదని సెప్పీసినాను." పక్కన గోలగోలగా ఎవరెవరో ఏదో అడుగుతున్నారు, ఆవిడ వాళ్లను కసిరి మళ్లీ నాతో అంది. "సోమారం అందరం బస్సెక్కి మా ఊరొస్తన్నాం. మెల్లగా తొక్కు తల్లీ, ముసిలోళ్లు కూడా ఉన్నారు."